పాట పాడని గానబృందం

అలబామాలో ఒక చిన్న ఊళ్ళో, తెల్లవాళ్ళ కాలేజీల్లో చోటు దొరకని కాలంలో నల్లజాతి విద్యార్థుల కోసం పెట్టిన కాలేజీ ఒకటుంది. దాని లైబ్రరీలో నేను చాలా ఏళ్ళు పనిచేశాను. డెబ్బైల చివర మా ఆయనకు అక్కడ ఫిజిక్స్ చెప్పే ఉద్యోగం రావడంతో ఆ ఊరు వెళ్ళాం. మా పాప అప్పుడింకా నడక నేరుస్తోంది. పత్తిచేల మధ్య రోడ్డు, నడిబొడ్డున కోర్టు భవనం, ఎటు చూసినా చర్చిలు. కందిపప్పు కావాలంటే అట్లాంటా దాకా కారేసుకుని పోవాలి.

నిజం చెప్పాలంటే మొదటి రెండేళ్ళూ ఆ కాలేజీ పేరు పైకి చెప్పుకోవడానికి నాకు నామోషీగా ఉండేది. అట్లాంటాలో తెలుగువాళ్ళ ఇళ్ళకు భోజనానికి వెళ్ళినప్పుడు ఎవరైనా అడిగితే "స్టేట్ కాలేజీలో చేస్తారండీ" అని దాటేసేదాన్ని. ఒక డాక్టరుగారి భార్య మాత్రం వదల్లేదు.

"ఏ స్టేట్ కాలేజీ? ఆ నల్లవాళ్ళదా? సేఫేనా అమ్మా అక్కడ?"

"ఫర్వాలేదండీ. వేరేచోట ట్రై చేస్తున్నారు" అన్నాను.

మా ఆయన ఎక్కడా ట్రై చెయ్యడం లేదు. తిరుగు ప్రయాణంలో ఊరు దగ్గరపడుతుండగా, "నా స్టూడెంట్స్ గురించి నీకేం తెలుసోయ్? ఒక్కసారి వచ్చి క్లాసులో కూర్చో" అన్నారు. నాకు సిగ్గేసింది. అయినా వెళ్ళి కూర్చోలేదు. పాప ఉందని సాకు చెప్పాను.

పాపను డే కేర్‌లో వేశాక లైబ్రరీలో ఉద్యోగానికి అప్లై చేశాను. అంతకుముందు మేమున్న ఊళ్ళో లైబ్రరీ సైన్సు చదివి ఉన్నాను కాబట్టి కేటలాగు పనికి తీసుకున్నారు. మా పైఅధికారి యాభై దాటిన నల్లజాతి మహిళ. పుస్తకం అరలో తిరగేసి పెడితే చాలు, కళ్ళజోడు మీదనుంచి ఒక చూపు చూసేది. ఎంతటివాళ్ళయినా వచ్చి సరిచేసుకోవాల్సిందే.

నా బల్ల పక్కనున్న కిటికీలోంచి కాలేజీ పచ్చిక కనబడేది. వారానికోసారి మధ్యాహ్నం పూట అక్కడ పది పన్నెండు మంది యువకులు ఒకే రంగు జాకెట్లు తొడుక్కుని, వీపు మీద గ్రీకు అక్షరాలతో, వరసగా నిలబడి కాళ్ళతో నేల మీద దరువు వేసేవాళ్ళు. చప్పట్లు, అరుపులు, మళ్ళీ కాళ్ళు. ఆ తాళం చక్కగా ఉండేదనుకోండి. కానీ చదువుకునే చోట ఈ గోలేమిటని నాకు చిరాకు. ఒకరోజు మా అధికారిని అడిగేశాను, వీళ్ళకు వేరే పనిలేదా అని.

ఆవిడ కుర్చీ నా వైపు తిప్పుకుంది. "అది ఫ్రెటర్నిటీ. అంటే అన్నదమ్ముల సంఘం. మా ఆయనా అందులోవాడే, మా నాన్నా అందులోవాడే" అంది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో, పెద్ద కాలేజీల్లో చేరినా హాస్టల్లో గది దొరకని, భోజనాల హాల్లో పక్కన ఎవరూ కూర్చోని నల్లజాతి విద్యార్థులు ఒకరికొకరు తోడుగా ఇలాంటి సంఘాలు పెట్టుకున్నారట. చదువయ్యాక కూడా సభ్యత్వం పోదు. ముసలివాడై కాటికి వెళ్ళేదాకా బ్రదరే. "ఆ గంతులు నీకు కిటికీలోంచి కనిపిస్తాయి. శనివారం పొద్దున వాళ్ళు ఎవరి ఇంటి కప్పు మీదున్నారో కనిపించదు" అని తన పనిలో తాను పడిపోయింది.

ఆ శనివారం కూరగాయలకని వెళుతూ కావాలనే రైలుపట్టాల అవతలి వీధిలోంచి కారు పోనిచ్చాను. అవే జాకెట్లు ఒక పాత చెక్క ఇంటి కంచె మీద వేలాడుతున్నాయి. జాకెట్ల తాలూకు మనుషులు ఇంటి పైకెక్కి తారుషీట్లు పరుస్తున్నారు. కింద ఒక ముసలాయన కుర్చీలో కూర్చుని, మేకు ఎక్కడ కొట్టాలో చేతికర్రతో చూపిస్తున్నాడు.

కొన్ని నెలల తర్వాత ఒక ఇనప్పెట్టె మా లైబ్రరీకి వచ్చింది. మా కాలేజీలో ఆ సంఘం శాఖ పుట్టి యాభై ఏళ్ళు నిండబోతున్నాయి. దాని చరిత్ర రాయించాలని పెద్దలు నిర్ణయించారు. పెట్టెతోపాటు వచ్చినాయన రిటైరైన హైస్కూలు ప్రిన్సిపాలు. డెబ్బై దాటినా నిటారుగా ఉన్నాడు. బూడిదరంగు సూటు, టై, కోటు జేబులో మడత చెదరని చేతిరుమాలు. ఈ పని ఎవరు చెయ్యాలని మా అధికారి అడిగితే ఆయన నావైపు చూపించాడు.

"నేను బయటిదాన్ని కదండీ. నాకు మీ సంగతులేమీ తెలియవు" అన్నాను.

"అందుకే మీరు కావాలి. మావాళ్ళంతా తమకు తెలుసనుకుంటారు, ఎవరూ ప్రశ్న అడగరు. మీరు అడుగుతారు" అన్నాడు.

ఆనాటి నుంచి ప్రతి మంగళవారం మధ్యాహ్నం ఆయన వచ్చేవాడు. పెట్టెలో సమావేశాల మినిట్సు పుస్తకాలు, ఫొటోలు, ఉత్తరాలు, కలరా ఉండల వాసన. నేను ఫొటో ఎత్తి చూపిస్తే ఆయన వేలు పెట్టి ఒక్కొక్కరి కథ చెప్పేవాడు. ఇతను దంతవైద్యుడయ్యాడు. ఇతను యుద్ధానికి వెళ్ళి తిరిగి రాలేదు. ఇతను ఊరూరా తిరిగి పిల్లలకు టీకాలు వేయించాడు. సంఘం చేసిన మొదటి పని కాలేజీ వంటవాళ్ళకూ, బట్టలుతికేవాళ్ళకూ సాయంత్రంపూట చదువు చెప్పడమని మొదటి మినిట్సు పుస్తకంలోనే ఉంది.

ఆయన నన్ను ఎప్పుడూ ఇంటిపేరుతో, ముందు మిసెస్ చేర్చి పిలిచేవాడు. అమెరికాలో అందరూ పేరుపెట్టే పిలుస్తారు కదా, మీరూ అలాగే పిలవండి అన్నాను ఒకసారి. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"మా అమ్మ డెబ్బై ఎనిమిదేళ్ళు బతికింది. ఈ ఊళ్ళో ఒక్క తెల్లవాడు కూడా ఆమెను మిసెస్ అనలేదు. కొట్లో, బ్యాంకులో, పోస్టాఫీసులో చిన్నపిల్లను పిలిచినట్టు పేరు పెట్టే పిలిచారు. అందుకని నేను ఏ స్త్రీనీ పేరుతో పిలవను. మీరేమీ అనుకోకండి."

మరో మంగళవారం మా నాన్న ఏం చేసేవాడని అడిగాడు. బడిపంతులని చెప్పి, ఆయన కుర్రతనంలో తెనాలి వైపు కాలవ మీద పడవలో పుస్తకాలు వేసుకుని తిరిగిన సంగతి చెప్పాను. రేవు రేవునా పడవ ఆపడం, చదవడం వచ్చినవాళ్ళకు పుస్తకమివ్వడం, రానివాళ్ళను కూర్చోబెట్టి చదివి వినిపించడం. ఆ పెద్దాయన కుర్చీ ముందుకు జరుపుకుని, "ఆ పడవ ఎంత పొడుగుండేది? ఎన్ని పుస్తకాలు పట్టేవి? వానొస్తే ఏం చేసేవారు?" అని వరసగా అడిగాడు. సగానికి పైగా నాకు తెలియదు. ఆ రాత్రే నాన్నకు ఉత్తరం రాశాను. పుట్టి బుద్ధెరిగాక ఆ పడవ గురించి ఆయన్ని నేను అడగడం అదే మొదలు.

పెట్టెలో యాభైల నుంచి అరవైల నడిమి దాకా ఉన్న మినిట్సులో ఒక విషయం నన్ను తికమకపెట్టింది. వారానికి మూడు సాయంత్రాలు ఫలానా చర్చిలో "కోయిర్ ప్రాక్టీసు" అని ఉండేది. కోయిర్ అంటే చర్చిలో పాటలు పాడే బృందం. సరే, పాడుకున్నారనుకున్నాను. వాటితోపాటున్న నల్లటి అట్టల నోటుబుక్కుల్లో గాయకుల పేర్లు, వాళ్ళ గొంతు రకాలు కూడా ఉన్నాయి. కొందరి పక్కన "సోప్రానో", కొందరి పక్కన "ఆల్టో". ఆ తర్వాత "సోలో పాడారు, మూడోసారి. రోబ్ ఇవ్వలేదు" అని. అక్కడక్కడ ఒకరికి మాత్రం "రోబ్ ఇచ్చారు". రోబ్ అంటే బృందంవాళ్ళు తొడుక్కునే పొడుగాటి గౌను. మూడేసిసార్లు ఒంటరిగా నిలబడి పాడినా గౌను ఇవ్వకపోవడమేమిటి? ఇన్నేళ్ళలో ఒక్క పాట పేరైనా, ఒక్క కచేరీ అయినా రాయకపోవడమేమిటి? ఏం చెయ్యాలో తోచక ఆ పుస్తకాలన్నీ ఒక ఫైల్లో పెట్టి, మీద "సంగీతం" అని చీటీ అంటించాను.

మంగళవారం ఆయన వచ్చి ఆ చీటీ చూశాడు. భుజాలు కదలడం మొదలుపెట్టాయి. నవ్వుతున్నాడు. రుమాలు తీసి కళ్ళు తుడుచుకుని మళ్ళీ నవ్వాడు. లైబ్రరీలో చప్పుడు చేసినందుకు మా అధికారి తన గదిలోంచి బయటికొచ్చి చూసింది.

"మేము ఒక్క పాట కూడా పాడలేదు" అన్నాడు చివరికి. "అది ఓటు బడి."

ఆ రోజు సాయంత్రం దాకా చెప్పాడు. అప్పట్లో నల్లవాళ్ళు ఓటరుగా నమోదు కావాలంటే కోర్టు భవనంలో పరీక్ష రాయాలి. రాజ్యాంగంలోంచి ఏదో ఒక ముక్క చదివించి, రాయించి, దానికి అర్థం చెప్పమనేవారు. నెలలో రెండు సోమవారాలే ఆ ఆఫీసు తెరిచేవారు. తప్పా ఒప్పా అన్నది అక్కడ కూర్చున్న తెల్లవాడి ఇష్టం. ఈ పరీక్షకు తయారుచేస్తున్నారని తెలిస్తే పంతుళ్ళ ఉద్యోగాలు పోయేవి. సంఘంలో సగంమంది పంతుళ్ళు. అందుకని కోయిర్ అని పేరు పెట్టారు. అక్షరాలు నేర్చుకుంటున్నవాళ్ళు సోప్రానో. చదవడం వచ్చినవాళ్ళు ఆల్టో. కోర్టుకు వెళ్ళి పరీక్ష రాస్తే సోలో. ఓటు వస్తే రోబ్.

నేను నోటుబుక్కు తిప్పుతూ ఒక పేజీ దగ్గర ఆగిపోయాను. ఆయన పేరే ఉంది. పక్కన "సోలో, అయిదోసారి. రోబ్ ఇవ్వలేదు" అని ఆయన దస్తూరీతోనే.

"మీరు ఎం.ఏ. చదివారు కదా" అన్నాను.

"ఆ పరీక్ష పెట్టినాయన హైస్కూలు దాటలేదు. కామా సరిగ్గా లేదన్నాడు." కోపం లేకుండా చెప్పాడు. "కామా సరిగ్గానే ఉంది. అప్పట్లో నేను ఇంగ్లీషు టీచర్ని."

ఆరోసారీ వెళ్ళాడట. ఏడోసారి వచ్చిందట.

ఇంటికి వెళ్ళి మా ఆయనకు చెబితే గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయారు. పప్పు అడుగంటింది.

మర్నాడు ఆయన తన క్లాసులోని ఒక కుర్రాణ్ణి నా దగ్గరకు పంపారు. అతను ఆ ఏడాది సంఘానికి ప్రెసిడెంటు. ఆరడుగుల మనిషి, మాట నెమ్మది. నోటుబుక్కు చదువుతూ ఒకచోట వేలు ఆపి, "మేడమ్, ఇది మా అమ్మమ్మ" అన్నాడు. అక్కడ "సోలో, రెండోసారి" అని ఉంది. ఆ తర్వాత ఆమె పేరు లేదు. ఆమె రెండోసారి కోర్టుకు వెళ్ళొచ్చిన వారంలోనే పనిచేసే ఇంటివాళ్ళు మాన్పించేశారని అతనికి తెలుసు. ఎందుకు మాన్పించారో మాత్రం ఇంట్లో ఎవరూ చెప్పలేదట.

అదే సమయంలో మా కౌంటీలో, అంటే మన జిల్లాలాంటి దాంట్లో, ఓటర్లకు కొత్త నోటీసు వచ్చింది. పాత జాబితా తీసేస్తున్నారు. ఓటు నిలుపుకోవాలంటే ప్రతి ఒక్కరూ స్వయంగా వచ్చి తామెవరో చెప్పి మళ్ళీ గుర్తింపు చేయించుకోవాలి. పైకి అందరికీ ఒకటే నియమం. కానీ కారున్నవాళ్ళకు అది పదినిమిషాల పని, పల్లెల్లో ఉండే ముసలివాళ్ళకు ఓటు పోయినట్టే.

సంఘంవాళ్ళు లైబ్రరీలో నా బల్ల చుట్టూ చేరారు. నల్ల నోటుబుక్కుల్లో రోబ్ వచ్చినవాళ్ళ పేర్లన్నీ కార్డుల మీద రాశాను. ఎవరు బతికున్నారో, ఎక్కడున్నారో పెద్దాయన చెప్పాడు. కార్లు తక్కువపడ్డాయి. "మాది స్టేషన్ వ్యాగన్. తొమ్మిదిమంది పడతారు. నేను డ్రైవ్ చేస్తాను" అన్నాను. అనేశాక నాకే ఆశ్చర్యం వేసింది. లైసెన్సు వచ్చి అప్పటికి ఏడాది కూడా కాలేదు.

వెళ్ళినచోటల్లా జనం తేలిగ్గానే కదిలారు. ఒక్కావిడ మాత్రం కదలనంది. ఆవిడ కాలేజీ లాండ్రీలో ముప్పై ఏళ్ళు పనిచేసింది. సంతకానికి బదులు గీత గీసే మనిషి, ఆ చర్చి బడిలోనే అక్షరాలు నేర్చి, నాలుగోసారికి రోబ్ తెచ్చుకుంది. మేము వెళ్ళేసరికి వరండాలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. ప్రెసిడెంటు టోపీ తీసి నోటీసు సంగతి చెప్పాడు.

"నేనెవరో వాళ్ళకు ఒకసారి చెప్పాను. నాలుగుసార్లు చెప్పాను" అంది తలెత్తకుండా. "మళ్ళీ చెప్పను."

"అమ్మా, చెప్పకపోతే ఓటు పోతుంది."

"పోనీ. వాళ్ళు తీసుకున్నారని రాసుకో. నేను అడుక్కోలేదని కూడా రాసుకో."

అతను బతిమాలలేదు. మెట్టు మీద కూర్చుని తనూ చిక్కుడుకాయలు ఒలవడం మొదలుపెట్టాడు. నేనూ ఒక గుప్పెడు తీసుకున్నాను. ఈనె లాగకుండా ఒలుస్తున్నానని ఆవిడ నా చేతిలోది లాక్కుని ఎలాగో చూపించింది. మా ఊళ్ళో చిక్కుడుకాయ కూర ఎలా చేస్తారో చెప్పాను. కొబ్బరి వేస్తామంటే మొహం అదోలా పెట్టింది. గిన్నె నిండేదాకా ఓటు మాట ఎవరూ ఎత్తలేదు. చివరికి అతను, "మా అమ్మమ్మ రెండోసారి దగ్గర ఆగిపోయింది" అని ఆమె పేరు చెప్పాడు.

ఆవిడ చేతులు ఆగిపోయాయి. "నువ్వు ఆమె మనవడివా? నా పక్కనే కూర్చునేది. నాకన్నా బాగా చదివేది" అంది. గిన్నె పక్కన పెట్టి, "ఏ రోజన్నావు?" అని అడిగింది.

సోమవారం పొద్దున ఎనిమిదింటికి కోర్టు ముందు బారు కట్టి ఉన్నాం. జాకెట్లు వేసుకున్న విద్యార్థులు కాలేజీ నుంచి మడత కుర్చీలు తెచ్చి పెద్దవాళ్ళ కోసం వేశారు. బారు ఒక అడుగు ముందుకు కదిలితే కుర్చీలన్నీ ఒక అడుగు కదిలేవి. చినుకులు మొదలయ్యాయి. గొడుగులు లేచాయి. లాండ్రీ ఆవిడ ఆదివారం చర్చికి వెళ్ళే ఊదారంగు టోపీ పెట్టుకుని, చేతికి తెల్ల గ్లౌజులు వేసుకుని వచ్చింది. ఆమె వెనకే బూడిదరంగు సూట్లో పెద్దాయన. ఆయనకూ మళ్ళీ గుర్తింపు కావాలి. ఈ ఊళ్ళో సగం మందికి చదువు చెప్పిన మనిషికి.

లోపల బల్ల దగ్గర ఇరవై ఏళ్ళ తెల్లపిల్ల కూర్చుని ఉంది. చెడ్డపిల్లేమీ కాదు, అలవాటు. కార్డు చూసి లాండ్రీ ఆవిడను పేరు పెట్టి పిలిచి, ఇక్కడ సంతకం చెయ్యమంది. తెలుగులో అయితే నువ్వు, మీరు ఉన్నాయి. ఎనభై ఏళ్ళ మనిషిని ఎవరైనా నువ్వంటే చెవికి వెంటనే తగులుతుంది. ఇంగ్లీషులో ఆ తేడా అంతా ఆ ఒక్క మిసెస్‌లోనే ఉందని అన్నేళ్ళ తర్వాత నాకు అప్పుడు అర్థమైంది. ఆవిడ కలం ముట్టుకోలేదు.

పెద్దాయన ఒక అడుగు ముందుకు వేశాడు. గొంతు పెంచలేదు.

"ఆవిడ మిసెస్. ఇంటిపేరు మీ కార్డు మీదే ఉంది."

గదిలో టైపు మిషన్ల చప్పుడు ఆగింది. ఆ పిల్ల మొహం ఎర్రబడింది. మా విద్యార్థుల్ని చూసింది, గొడుగు పట్టుకుని చీరలో నిలబడ్డ నన్ను చూసింది, మళ్ళీ కార్డు చూసింది. తర్వాత మిసెస్ అని, ఇంటిపేరు పలికి, "ఇక్కడ సంతకం చెయ్యండి, ప్లీజ్" అంది.

ఆవిడ కుడిచేతి గ్లౌజు వేలు వేలునా లాగి తీసింది. పూర్తి పేరు, ఒక్కో అక్షరం విడివిడిగా, తొందరలేకుండా రాసింది. బయటికి వచ్చాక టోపీ సర్దుకుని, "నాకు ఆకలేస్తోంది" అంది. అందరం నవ్వాం. నేను కారు దగ్గరకు వెళ్ళి స్టీరింగు మీద తలపెట్టుకుని ఏడ్చాను. అది దుఃఖం కాదు.

అలా అయిదు సోమవారాలు తిప్పాం. కార్డుల్లో ఉన్నవాళ్ళలో కదలగలిగినవాళ్ళంతా వచ్చారు. మంచం మీదున్న ఇద్దరి కోసం ప్రెసిడెంటు కౌంటీవాళ్ళకు ఉత్తరం మీద ఉత్తరం రాసి మనిషిని ఇంటికి రప్పించాడు. ఆ ఉత్తరాల్లో కామాలు పెద్దాయన దిద్దాడు.

సంఘం యాభయ్యో ఏటి పండగ వసంతంలో జరిగింది. దేశం నాలుగుమూలల నుంచి బ్రదర్లు వచ్చారు. డాక్టర్లు, పాస్టర్లు, పోస్టుమన్లు, ఒక జడ్జి. హోదాతో పనిలేకుండా అందరూ భుజాలు తట్టుకుంటున్నారు. నేను రాసిన చరిత్రను నన్నే చదవమన్నారు. కంచిపట్టు చీర కట్టుకుని వెళ్ళాను. సోలో, రోబ్ అంటూ మినిట్సులోంచి చదువుతుంటే, ఆ సంగతి తెలిసిన ముసలివాళ్ళు నవ్వారు, తెలియని కుర్రవాళ్ళు అర్థమయ్యాక కుర్చీల అంచుకు జరిగారు. పరీక్ష తప్పినవాళ్ళ పేర్లు కూడా చదవాలని పట్టుబట్టింది ప్రెసిడెంటే. ఆ జాబితా పొడుగ్గా ఉంది. అతని అమ్మమ్మ పేరు వచ్చినప్పుడు అతను లేచి నిలబడ్డాడు. ఆ తర్వాత ఒక్కో పేరుకూ ఎవరో ఒకరు లేస్తూనే ఉన్నారు. చదవడం ముగిసేసరికి హాలంతా నిలబడి ఉంది. మా పాప, అప్పటికి బళ్ళో చేరింది, వాళ్ళ నాన్న ఒళ్ళోంచి దిగి తనూ నిలబడింది.

మా ఆయన ఎప్పుడో అమెరికా పౌరసత్వం తీసుకున్నారు. నేనే వాయిదా వేస్తూ వచ్చాను. ఇండియా పాస్‌పోర్టు ఇచ్చేయాలంటే మనసొప్పలేదు. మా నాన్నకు ఏమనిపిస్తుందోనని కూడా. ఆ వేసవిలో నాన్న దగ్గర్నుంచి పడవ సంగతులన్నీ రాసిన లావుపాటి ఉత్తరం వచ్చింది. చివర్న, "అక్కడి పెద్దాయనకు నా నమస్కారాలు చెప్పు. నువ్వున్న చోట నీకో మాట చెప్పుకునే హక్కుంటే దాన్ని వదులుకోకు" అని ఉంది. నేను ఓటు విషయం రాయలేదు. ఆయనకే తోచింది.

అప్లై చేశాను. ఇంటర్వ్యూలో ఆఫీసరు రెండు మూడు ప్రశ్నలడిగి, ఒక చిన్న వాక్యం ఇంగ్లీషులో రాయమన్నాడు. వాతావరణం గురించో ఏదో. రాసిచ్చాను. ఆయన సరిగ్గా చూడను కూడా చూడలేదు. పదినిమిషాల్లో పని అయిపోయింది. బయట బెంచీ మీద కూర్చుని ఏడుసార్లు కోర్టు మెట్లెక్కిన ఇంగ్లీషు మాస్టారి గురించి ఆలోచించాను. ఆ పదినిమిషాలు నాకు ఊరికే రాలేదు. నాకోసమని కాకపోయినా, ఎవరో ముందే కష్టపడి పెట్టారు.

ఓటరుగా నమోదు కావడానికి వెళ్ళినప్పుడు తోడు వస్తానని పెద్దాయనే అన్నాడు. వచ్చి, కోటు బొత్తాలు పెట్టుకుని నా పక్కన నిలబడ్డాడు. ఆ పిల్లే ఉంది బల్ల దగ్గర. నా ఇంటిపేరు పలకడానికి రెండుసార్లు తడబడి, మూడోసారికి సరిగ్గా పలికింది. ముందు మిసెస్ చేర్చడం మాత్రం మరిచిపోలేదు.

పెద్దాయన ఎనభైల దశకం చివర్లో పోయారు. అంత్యక్రియల్లో సంఘంవాళ్ళు తెల్ల గ్లౌజులతో చెయ్యీ చెయ్యీ పట్టుకుని శవపేటిక చుట్టూ నిలబడ్డారు. ఆ వలయంలో బయటివాళ్ళను నిలబెట్టరు. నేను మొదటి వరసలో కుటుంబంతో కూర్చున్నాను. అక్కడ కూర్చోమన్నది వాళ్ళ అమ్మాయి.

పోయేముందు ఆయన ఒక ఏర్పాటు చేసి వెళ్ళారు. సంఘంలో కొత్తగా చేరినవాళ్ళు ప్రతి ఏడూ లైబ్రరీకి వచ్చి ఒక గంట నా దగ్గర చరిత్ర వినాలి. రిటైరయ్యేదాకా చెప్పాను. మొదట్లో వాళ్ళు నా బొట్టువంక, యాసవంక విడ్డూరంగా చూసేవాళ్ళు. నోటుబుక్కులు తెరిచాక ముందుకు వంగేవాళ్ళు. ఒక ఏడాది వెనక కూర్చున్నతను చెయ్యెత్తి, "ఇదంతా అయిపోయింది కదా మేడమ్. ఇప్పుడు మేమేం చెయ్యాలి?" అని అడిగాడు.

"నాకు తెలియదు. ఈ ఊళ్ళో ఇంకా చదవడం రానివాళ్ళు ఎక్కడున్నారో చూసి రండి" అన్నాను.

రెండు వారాల తర్వాత అతనూ మరో ముగ్గురూ వచ్చి, కౌంటీ జైల్లో ఉన్నారన్నారు. ఆ ఏడాదంతా గురువారం సాయంత్రాలు అక్కడ బడి పెట్టారు. మొదటి రోజుకు కావలసిన పుస్తకాలు మా స్టేషన్ వ్యాగన్‌లో నేనే తీసుకెళ్ళాను.